రెండో గది

మా ఊళ్లో మాంగో అనే పేటలో, పాడైన కంప్యూటర్ డిస్కుల్లోంచి ఫైళ్లు తీసిచ్చే ఒక పెద్దాయన ఉండేవారు. అక్కడి తెలుగువాళ్లందరికీ ఆయన బాబాయే. డిస్కులో గదుల్లా విడదీసి ఉండే పార్టిషన్లలో ఏది తెరవాలన్నా, ముందు వేలి కణుపుతో బల్ల మీద రెండుసార్లు తట్టేవారు.

మావారు పోయిన నెలకి, ఆయన లాప్‌టాప్ పట్టుకుని సోనారిలోని మా ఇంటి నుంచి ఆటోలో వెళ్లాను. బాబాయ్ డిస్కు మొత్తాన్నీ ఒకే ఫైలుగా నకలు తీసి, ఆ ఫైలే అసలు డిస్కని తన కంప్యూటర్లోని లైనక్స్‌ని నమ్మించారు. లోపలి పార్టిషన్లు రెండూ తెర మీద వరసగా కనిపించాయి.

"సిర్ఫ్ దేఖ్‌నా హై, ఉత్తినే చూడ్డమే. రాయడానికి లేకుండా తెరుత్తన్నాను, ఏటీ చెరిగిపోదు," అన్నారు.

టక్ టక్. మొదటిదాంట్లో విండోస్ ఉంది. మళ్లీ టక్ టక్. రెండోదాంట్లో మావారు, స్కూటర్ మీద కూర్చుని నవ్వుతూ.

"ఎందుకలా తడతారు బాబాయ్?"

"లోపల మనుషులుంటారు కదమ్మా."

కళ్లు తుడుచుకుంటుంటే, మా ఫైలు కిందే ‘పాప’ అని ఇంకో ఫైలు కనబడింది. అదేమిటని అడిగాను.

"మా అమ్మాయి డిస్కు. యాక్సిడెంట్లో పోయింది. నాలుగేళ్లయింది."

"తెరవలేదా?"

"మొదటి గది తెరిసాను. దాని పాటలు, మాటలు అన్నీ రెండోదాంట్లో ఉన్నాయి. అవీ ఇనేత్తే, ఇక అది నాతో కొత్తగా చెప్పడానికి ఏటి మిగుల్తాదమ్మా?"

అంటూనే ఆయన చెయ్యి బల్ల మీదకి వెళ్లింది. వేలి కణుపు చెక్కకి ఆనింది. తట్టలేదు.