ఎండ మీద వేసిన నింద

పోయిన నెల కుప్పంలో, మా అక్క కూతురు పాఠాలు చెప్పే బడి వార్షికోత్సవంలో, పదిమంది పిల్లలు వరుసగా నిలబడి రాగి చేలో కలుపు తీసేటప్పుడు పాడే పాట ఒకటి పాడారు. కొండ మీది మబ్బును, మా సాళ్ళు అయ్యేదాకా ఆగి రమ్మని బతిమాలే పాట. నేర్పింది మా అక్కే. చప్పట్లు ఆగాక ఆమె చేతికి మైకు ఇచ్చారు.

“ఇది మాయమ్మ పాట. ఆయమ్మ గొంతు క్యాసెట్టులో ఉండె. నేనే ఎండలో పెట్టి పోగొట్టుకుంటి,” అంది అక్క.

ముందు వరుసలో కూర్చున్న నేను తల ఎత్తలేకపోయాను. ఎండ మాట ఆమెకు చెప్పినవాణ్ణి నేనే, అది అబద్ధం.

క్యాసెట్ల కాలం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పట్లో నేను మదనపల్లె బస్టాండు దగ్గర ఒక రికార్డింగు షాపులో పనిచేసేవాణ్ణి. జనం నచ్చిన పాటల పేర్లు చీటీ మీద రాసిచ్చి పోతే, మరునాటికి ఖాళీ క్యాసెట్టులో ఎక్కించి ఇచ్చేవాళ్ళం. చీటీ చూస్తే చాలు, రాసినవాడికి పెళ్ళి కుదిరిందో చెడిందో తెలిసిపోయేది.

మా పల్లె పుంగనూరు దగ్గర. అమ్మా అక్కా కూలికి పోయేవాళ్ళు. అమ్మ పాట ఎత్తుకుంటే అక్క వంత పాడేది. వాళ్ళు పాడుతుంటే పని చురుగ్గా సాగుతుందని, రైతులు ముందురోజే మా గడపలోకి వచ్చి, మీరిద్దరూ వస్తే చాలు, మిగతావాళ్ళు ఎవరైనా సరేనని చెప్పి పోయేవాళ్ళు. ఈ రోజు ఆ మాట పదిమందిలో గర్వంగా చెప్పుకుంటాను గానీ, ఆ రోజుల్లో మా అమ్మ కలుపు పాటలు పాడుతుందని షాపులో ఎవరికీ చెప్పలేదు.

అక్క పోరు పడలేక ఒక ఆదివారం షాపు టేపు రికార్డరు ఇంటికి తెచ్చి, ఇద్దరి చేతా పాడించి రికార్డు చేశాను. క్యాసెట్టు వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలను అప్పుడే విరిచేశాను. అవి విరిస్తే దానిమీద ఇంకేదీ ఎక్కదు. మరుసటి ఏడు అమ్మ పోయింది. అక్క ఆ క్యాసెట్టును కిటికీలో పెట్టుకుని, పక్కింటివాళ్ళ టేపులో వేయించుకుని వినేది. గొంతు అదిరినట్టు వస్తోందని ఒకసారి నా చేతికిచ్చి షాపులో చూడమంది. చూశాను. క్యాసెట్టు బాగానే ఉంది, చెడింది పక్కింటి టేపే.

అవి పెళ్ళిళ్ళ రోజులు. షాపులో ఖాళీ క్యాసెట్లు అయిపోయాయి. ఒకాయన పెళ్ళి బస్సులోకి పాటలు కావాలని నెత్తిన నిలబడ్డాడు. విరిచిన గుంటల మీద స్టిక్కరు అంటిస్తే మళ్ళీ రికార్డవుతుందని మా పనివాళ్ళందరికీ తెలుసు. అమ్మ క్యాసెట్టుకు అంటించి, ఆ పెళ్ళి పాటలు ఎక్కించేశాను. యజమాని తిడతాడన్న భయం ఉన్నమాట నిజమే గానీ, సినిమా పాటల ముందు కూలివాళ్ళ పాట ఏపాటిదన్న చులకన దానికంటే పెద్దది. అక్కతో మాత్రం, ఎండకు టేపు మెత్తబడి మిషనులో చుట్టుకుపోయిందన్నాను. ఆమె నమ్మింది. ఆ తర్వాత ఆ కిటికీలో అగ్గిపెట్టె కూడా పెట్టలేదు.

వార్షికోత్సవం అయ్యాక బస్టాండుకు నడుస్తూ అక్కకు అంతా చెప్పేశాను.

“ఇన్నేండ్లూ ఆ ఎండను తిట్టుకుంటాంటి కదరా చిన్నోడా,” అంది. ఇంకాస్త నడిచాక ఆగింది. “తుడిపేటప్పుడన్నా విన్నావా? రెండో చరణంలో అమ్మ యాడ ఊపిరి తీసుకునేది? నాకు మతికి రాలేదు. పిల్లోళ్ళకు తప్పు నేర్పించినానేమో.”

విన్నాను. స్టిక్కరు అంటించే ముందు మొదటి నుంచి చివరిదాకా ఒకసారి విన్నాను. రోడ్డు పక్కన నిలబడి ఆ చరణం పాడాను. ‘మబ్బా’ అని పిలిచి, సాలు చివర నడుము ఎత్తినట్టుగా అమ్మ ఆగే చోట ఆగాను. ఆ ఖాళీలోకి అక్క వంత అందుకుంది.

ఇప్పుడు ఫోనులో వేల పాటలుంటాయి, విరిచి దాచుకోవలసింది ఏదీ లేదు. రాగి చేలల్లో పాడేవాళ్ళూ లేరు. కుప్పం పిల్లల నోట ఆ పాట ఎప్పుడైనా మీ చెవిన పడితే, అది మా అమ్మదని తెలుసుకోండి. ఆమె గొంతును పోగొట్టింది ఎండ కాదు, నేను.