పొద్దుటి వణుకు

ఆసుపత్రి లాండ్రీలో ఆవిడ మాటే శాసనం. వార్డుల నుంచి దిగే దుప్పట్లు, గలీబులు, ఆపరేషన్ గుడ్డలు అన్నీ ఆవిడ కళ్ళముందు విప్పాకే మిషన్‌లోకి పోవాలి. నెత్తురూ చీమూ చూసి ఆవిడ ఏనాడూ మొహం తిప్పుకోలేదు. మరకను లోపలికి మడిచి, శుభ్రమైన పక్క పైకి కనబడేలా పంపితే మాత్రం ఒళ్ళు మండిపోయేది. మూట పట్టుకుని తనే వార్డుకు వెళ్ళి, "జబ్బు మనిషి పాడుచేస్తే తప్పు లేదు. దాచిపెట్టి నా చేతికిచ్చారు చూడు, అదీ రోత" అని ముఖానే అనేసి వచ్చేది. అందుకే వెనకాల అందరూ రోతమ్మ అనేవారు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

ఇళ్ళ బ్రోకరు పని చేసే తమ్ముడు కొత్త కారు కొనుక్కుంటూ పాతది ఆవిడకు అమ్మాడు. "బయటివాళ్ళు ఎగరేసుకుపోతామంటున్నారు. నీకోసమే ఆపాను అక్కా" అన్నాడు. తెల్లవారక ముందే డ్యూటీకి బయల్దేరే మనిషి కనుక, ఆవిడ సంతోషంగా తీసుకుంది.

కొన్నాళ్ళు హాయిగానే గడిచింది. తర్వాత పొద్దున్నే తాళం తిప్పగానే ఇంజన్ చలిజ్వరం వచ్చిన మనిషిలా గజగజ వణకడం మొదలుపెట్టింది. స్టీరింగు అదిరేది, డాష్‌బోర్డు మీద పసుపు దీపం మిణుకు మిణుకుమనేది, వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ వచ్చేది. కాసేపటికి అంతా సర్దుకుని, ఏమీ ఎరగనట్టు మెత్తగా నడిచేది.

"పొద్దున్నే నాకే ఒళ్ళు సహకరించదు. దానికి మాత్రం బద్ధకం ఉండదా?" అన్నాడు భర్త. ఆయన రిటైరైన టైపిస్టు, దేనికీ తొందరపడడు.

"మీకు పొగ రాదుగా" అందావిడ.

పెద్ద షెడ్డులో చూపిస్తే కంప్యూటర్ తగిలించి, ఒక సిలిండర్ సరిగా అంటుకోక మిస్సింగ్ ఇస్తోందని స్పార్క్ ప్లగ్గులు మార్చారు. మర్నాడు మళ్ళీ అదే వణుకు. ఇంకోచోట ప్లగ్గుకు కరెంటు అందించే కాయిల్ మార్చారు. వణుకు పోలేదు. దారిలో వేడెక్కి షెడ్డు చేరేసరికి కారు పెళ్ళికూతురిలా కుదురుగా నిలబడేది. వాళ్ళు ఆవిడ వంక అనుమానంగా చూసేవాళ్ళు. వణుకు ఒక్కరూ కళ్ళారా చూడలేదు కానీ, ఇక ఢోకా లేదని మాత్రం ఇద్దరూ నవ్వుతూ భరోసా ఇచ్చారు. ఆ నవ్వు మొహాలు తలుచుకుంటేనే ఆవిడకు వెగటు పుట్టింది.

చివరికి ఆసుపత్రి అంబులెన్సులు బాగుచేసే మెకానిక్‌ను అడిగింది.

"రాత్రంతా ఆగి ఉన్నాక, మొదటిసారి తిప్పినప్పుడేనా?" అన్నాడతను.

"అప్పుడే."

"అయితే సాయంత్రం ఇక్కడే వదిలి వెళ్ళండమ్మా. పొద్దున మీరొచ్చేదాకా తాళం ముట్టుకోను. చల్లారిన ఇంజన్నే చూడాలి."

పొద్దున ఆవిడ వచ్చాక ప్లగ్గులన్నీ విప్పాడు. ఒక్కటి తప్ప అన్నీ పొడిగా ఉన్నాయి. ఆ ఒక్కదాన్నీ ఆవిడ ముక్కు దగ్గర పెట్టాడు. పెట్రోలు వాసన కాదు. మొహం మొత్తే తీపి వాసన.

"ఇంజన్ను చల్లబరిచే కూలెంట్ ఇది. రాత్రిపూట కొంచెం కొంచెంగా సిలిండర్‌లోకి కారుతోంది. తడిసిన సిలిండర్ పొద్దున అంటుకోక వణుకుతోంది. ఆ తడి ఆవిరైపోయాక మామూలే."

సన్నటి కెమెరా లోపలికి దించి చూపించాడు. మిగతా సిలిండర్లు మసిబారి ఉంటే, అది మాత్రం తోమిన గిన్నెలా మెరుస్తోంది. తర్వాత కూలెంట్ డబ్బా మూత తీశాడు. లోపల గోధుమరంగు జిగురు గడ్డలు కట్టి ఉంది.

"ఇది లీకు మూసే మందమ్మా. కొన్నాళ్ళు సందు పూడుస్తుంది. అమ్మేదాకా ఆగితే చాలనుకునేవాళ్ళే ఎక్కువగా పోస్తారు. కారు ఎవరి దగ్గర కొన్నారు?"

ఆవిడ ఫోన్ తీసి తమ్ముడికి చేసింది.

"ఆ వణుకా? నా దగ్గరా ఉండేది అక్కా. ఒక డబ్బా పోస్తే నెమ్మదించింది."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెబితే కొనవుగా" అని నవ్వాడు.

"బయటివాళ్ళు అడిగారన్నావు. వాళ్ళకే అమ్మాల్సింది."

"వాళ్ళయితే ఇంటిమీదికొచ్చి గొడవ చేస్తారు. నువ్వు నా అక్కవి, ఏమనుకుంటావులే."

ఆ మాట వినగానే ఆవిడ ఫోన్ పెట్టేసి, పంపు దగ్గరికి వెళ్ళి, దేన్నీ ముట్టుకోకపోయినా చేతులు కడుక్కుంది.

మెకానిక్ ఇంజన్ పైభాగం దించాడు. సిలిండర్‌కూ నీటిదారికీ మధ్య అడ్డుగా ఉండే గాస్కెట్ పట్టీ కాలిపోయి ఉంది. దించిన ఆ పైభాగం, హెడ్డు, వంకరపోతే దాన్ని లేత్ షాపులో చదును చేయించి, కొత్త గాస్కెట్ వేసి బిగించాడు. ఇక మందును కడగడమే పెద్ద పనయింది. ఎన్నిసార్లు నీళ్ళు కొట్టినా గొట్టాల్లోంచి జిగురు ముద్దలు ముద్దలుగా ఊడిపడుతూనే ఉంది. ఆవిడ డ్యూటీ దిగి వచ్చి నిలబడి చూసింది.

"ఈ గలీజు మీరెందుకమ్మా చూడటం?"

"చూడనివ్వు బాబూ."

రేడియేటర్ మాత్రం ఎంతకీ శుభ్రపడలేదు. దాన్ని మార్చేశాడు. రాత్రి ఆపి ఉంచిన బండిని పొద్దున ఆవిడ చేతే తిప్పించాడు. ఇంజన్ ఒక్క ఊపున అందుకుంది. వణుకు లేదు, పొగ లేదు. అయినా ఆవిడ మొహంలో సంతోషం కనబడలేదు.

ఒక సెలవురోజు తమ్ముడు పండ్ల సంచితో వచ్చి, బానెట్ మీద చెయ్యి వేసి, "చూశావా అక్కా, బంగారంలా నడుస్తోంది. ఊరికే రభస చేశావు" అన్నాడు.

"మంచినీళ్ళు తాగి వెళ్ళు. కొన్నాళ్ళు ఇటు రాకు."

"ఒక కారు కోసమా?"

"కారుదేముందిరా, విప్పితే లోపలేముందో తెలిసింది. నిన్నెక్కడని విప్పను?"

అతను బావ వంక చూశాడు. బావ కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు. నీళ్ళు తాగకుండానే అతను వెళ్ళిపోయాడు.

"సొంత తమ్ముడే కదా" అన్నాడు భర్త.

"పరాయివాడైతే తిట్టి మర్చిపోయేదాన్ని."

పండ్ల సంచి బల్లమీదే ఉండిపోయింది. మగ్గి వాసన కొడుతుంటే భర్తే తీసుకెళ్ళి పారేశాడు. ఆవిడ సబ్బునీళ్ళతో బల్ల తుడిచింది. ఇప్పుడు తమ్ముడు ఎప్పుడైనా ఫోన్ చేస్తే, పేరు చూసి భర్త చేతికి ఇచ్చేస్తుంది.