రెండో వైరు

కంప్యూటరు డబ్బా పక్క రేకు విప్పగానే వేడెక్కిన దుమ్ము వాసన వస్తుంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని కాబట్టి, మూడు నెలలకోసారైనా మెదక్‌లోని మా ఇంట్లో నేల మీద పాత దుప్పటి పరిచి, ఆ డబ్బాను పడుకోబెట్టి, పెయింటు బ్రష్షుతో ఫ్యాన్ల రెక్కలు తుడుస్తాను. కొంచెం కాలిన బట్టలా, కొంచెం ఎండిన మట్టిలా ఉండే ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు పదేళ్లు, అన్నకు పదహారేళ్లు, అమ్మ పోయి రెండు నెలలు.

చర్చి గంట వినబడేంత దూరంలో రెండు గదుల పెంకుటిల్లు మాది. నాయిన ఇళ్లకు వైరింగు చేసేవాడు. సాయంత్రం వచ్చేసరికి కనుబొమల మీద సిమెంటు పొడి, జేబులో టెస్టరు, చేతులకు కొత్త వైర్ల ప్లాస్టిక్ వాసన ఉండేవి. అమ్మ చిన్నపిల్లల బడిలో టీచరు. వానలు తగ్గుముఖం పట్టాక నర్సాపూర్ అడవి నుంచి సీతాఫలాల గంపలు దిగితే, అమ్మ కాయలను బియ్యం డ్రమ్ములో దాచి, రోజూ పొద్దున ఒక్కొక్కటే ఒత్తి చూసేది. పండినవి తీసిస్తే నేనూ అన్నా గడప మీద కూర్చుని, గింజలు ఎవరివి గోడ దాకా పోతాయో అని ఊసేవాళ్లం. క్రిస్మస్ నెలలో తెల్ల బట్ట మీద సకినాలు ఆరేవి, గర్జెల్లో కూరే తీపి కొబ్బరి మేము దొంగిలించేవాళ్లం, కేకు పిండిని ఇంటిల్లిపాదీ వంతులవారీగా కలిపి బేకరీ పొయ్యికి మోసుకుపోయేవాళ్లం.

అన్న ఆడే ఆట ఒకటుండేది. లారీ నడపడం, అంతే. సాయంత్రాలు అమ్మ పీట వేసుకుని పక్కన కూర్చుని, వెల్లుల్లి ఒలుస్తూ ఆ తెరలోని రోడ్డు చూసేది. ఒకచోట పెద్ద గుట్ట వచ్చేది, అక్కడికి పోగానే మా పాత కంప్యూటరు బొమ్మను లాగలేక బిగుసుకుపోయేది.

"గా గుట్ట అవుతల ఏముంటదిరా?" అనేది అమ్మ.

"మంచి గ్రాఫిక్స్ కార్డు వేస్తె చూపిస్తనమ్మా," అనేవాడు అన్న.

ఆ ఏడాది వానల్లో అమ్మకు జ్వరం వచ్చింది. ఊళ్లో దవఖానలో మూడు రోజులు, హైదరాబాదులో రెండు రోజులు ఉంది, ఆ తర్వాత అంబులెన్సులో ఇంటికి వచ్చింది. నేను ఏడవలేదు. సమాధుల దగ్గర్నుంచి వచ్చాక ఎవరో తెచ్చిన గుడ్డు కూర బాగుందని రెండోసారి పెట్టించుకున్నాను. నాయిన వారం తిరక్కుండానే పనికి పోయాడు. వచ్చి రోజూ ఒకే పప్పు వండేవాడు, మేం ముగ్గురం అది తినేవాళ్లం. అన్న కాలేజీ మానేశాడు, మాటలూ మానేశాడు.

అమ్మ తమ్ముడు, మా హైదరాబాదు మామ, కొత్త కంప్యూటరు కొనుక్కుని తెర మీద బొమ్మలు నడిపించే తన పాత గ్రాఫిక్స్ కార్డునూ, దానికి కావలసిన కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బానూ అట్టపెట్టెలో పెట్టి పంపాడు. బస్టాండు దగ్గరి షాపతను రెండూ బిగించి, మిగిలిన వైర్లు ఒక కవర్లో వేసిచ్చాడు. బొమ్మలు అద్దంలా వచ్చాయి. కాని లారీ గుట్ట ఎక్కడం మొదలుపెట్టగానే కంప్యూటరు మొత్తం ఆరిపోయేది. చప్పుడు లేదు, పొగ లేదు, ఫ్యాన్లు ఆగి తెర నల్లబడేది. అన్న కాసేపు ఆ నల్లతెర ముందే కూర్చుని, మళ్లీ బటన్ నొక్కి, మళ్లీ మొదటి నుంచి లారీ తోలుకొచ్చేవాడు. వేడికేమో అని పక్క రేకు విప్పి టేబుల్ ఫ్యాను పెట్టి చూశాడు. పది రోజులు అదే తంతు.

"మీ అమ్మకు ఇష్టం లేదు బిడ్డా, గందుకే బంద్ అయితుంది," అంది పక్కింటి పెద్దమ్మ నాతో. నేను నమ్మాను. భయమేమీ వేయలేదు, అయితే అమ్మ ఇంట్లోనే ఎక్కడో ఉందన్నమాట అనుకుని, హోంవర్కు రాసుకున్నాను.

కాలేజీ నుంచి కబురొచ్చింది. నాయిన అన్నకు వినబడేలా నాతో చెప్పాడు: "వచ్చే ఆయితారం వీన్ని మామ దగ్గరికి పంపిస్త. ఈడుంటె ఖరాబైతడు." ఇక రెండు పళ్లేలు కడిగితే చాలు అనుకున్నాను.

శనివారం వాన పడి నాయిన పని నుంచి తొందరగా వచ్చాడు. చేతులు కూడా కడుక్కోకుండా అన్న వెనక నిలబడ్డాడు. లారీ గుట్ట ఎక్కింది, కంప్యూటరు ఆరిపోయింది. నాయిన ప్లగ్గు పీకేసి, రేకు విప్పిన డబ్బా ముందు గొంతుకూర్చుని, ఫోను లైటు వేసి లోపలికి చూశాడు. కంప్యూటరు గురించి ఆయనకేమీ తెలియదు.

"దీనికి కరెంటు ఎక్కడికెల్లి వస్తది?" అని అడిగాడు. అన్న వేలితో చూపించాడు. కార్డుకు రెండు సాకెట్లున్నాయి. పవర్ డబ్బా నుంచి వచ్చే వైరు ఒక్కటే. దాని చివర రెండు తలలుంటే, షాపతను ఆ రెంటినీ రెండు సాకెట్లలో గుచ్చాడు.

"ఫ్యాను లైను మీద ఏసీ పెడితె ఏమైతది? లోడు ఆగదు. గిదీ గంతే," అన్నాడు నాయిన. "ఇంకో వైరున్నదా?"

అన్న లేచి, అల్మారా మీది కవరు తెచ్చాడు. అలాంటి వైరే ఇంకొకటి అందులో ఉంది. మొదటి వైరు తల ఒకటి పీకేసి, ఈ రెండో వైరు ఒక కొస పవర్ డబ్బాకు, ఇంకో కొస కార్డుకు పెట్టాడు. టక్‌మని శబ్దం వచ్చింది.

"కొస దాకా పోయిందా? గుంజి చూడు. వదులుగ ఉంటె వేడైతది."

అన్న గుంజి చూశాడు.

ఆ సాయంత్రం ఫ్యాన్ల హోరు పెరిగింది గాని కంప్యూటరు ఆగలేదు. లారీ గుట్ట ఎక్కి, మలుపు తిరిగి, అవతలికి దిగింది. అక్కడ మూసేసిన పెట్రోలు బంకు, ఒక రేకుల షెడ్డు, ఆ తర్వాత మళ్లీ రోడ్డు.

"ఏం లేదు గదరా," అన్నాడు నాయిన.

"ఏం లేదు నాయినా," అన్నాడు అన్న. అమ్మ పోయాక నేను విన్న అతని మొదటి మాట అదే. బంకు పక్కన లారీ ఆపాడు. ముగ్గురం కాసేపు ఆ బంకును చూశాం. ఏడుపు వస్తుందేమో అని నేను ఎదురుచూశాను, రాలేదు. నాయిన లేచి, "అన్నం తిందాం రాండ్రి," అన్నాడు. సోమవారం పొద్దున అన్న సంచి తగిలించుకుని కాలేజీకి పోయాడు. మామ ఇంటికి పంపే మాట నాయిన మళ్లీ ఎత్తలేదు, ఎందుకని మేమూ అడగలేదు.

ఆ పెంకుటిల్లు ఇప్పుడు లేదు. ఆ జాగాలో రెండంతస్తుల బిల్డింగు లేచింది. ఆ కంప్యూటరు పాతసామాన్లవాడి బండెక్కింది. సీతాఫలాలు ప్లాస్టిక్ ట్రేలలో పండి మరీ వస్తున్నాయి, ఒత్తి చూసే పని లేదు. అమ్మ అన్న మాటలు గుర్తున్నాయి గాని గొంతు గుర్తులేదు. ఎంత ప్రయత్నించినా అవి నా గొంతుతోనే వినిపిస్తాయి. అన్న కౌడిపల్లిలో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న ఫోను చేసినప్పుడు, ఇన్నేళ్లలో మొదటిసారి అడిగాను, ఆ సాయంత్రం గుట్ట దాటినప్పుడు నీకేమనిపించింది అని.



"ఆకలైంది," అన్నాడు అన్న.