డీటర్ తుపాకీకి ఊత: క్లాస్తాల్ కొండమీద ఒక శనివారం

"అక్కా, శనివారం మా ఊరికి రా. వచ్చేటప్పుడు ఓ తోలు ముక్క పట్కరా. చెప్పులు కుట్టేటోళ్ల దగ్గర దొరుకుతది, మెత్తగ ఉండాలె" అని ఫర్హానా ఫోన్ చేసినప్పుడు నేను హానోవర్‌లో మా వంటింటి బల్ల దగ్గర ఆఫీసు పనిలో ఉన్నాను. 2021 జూలై అది. అప్పటికి ఏడాదిన్నరగా నా ఆఫీసూ, నా భోజనమూ, నా ఆదివారాలూ అన్నీ ఆ బల్ల మీదే గడిచాయి. ఫర్హానా హైదరాబాద్ హాస్టల్లో నా జూనియర్. టోలిచౌకి పిల్ల. హార్జ్ కొండల్లో ఉన్న క్లాస్తాల్-జెల్లర్‌ఫెల్డ్ అనే చిన్న యూనివర్సిటీ ఊళ్లో లోహశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తోంది. ఆ చలికాలమంతా వీడియో కాల్లో ఆమె వెనక ఒకే గోడ కనిపించేది, గొంతు రోజురోజుకీ సన్నబడేది. వసంతం వచ్చాక ఆ గొంతు మళ్లీ నిండింది. ఏం జరిగిందే అని అడిగితే, తుపాకీలు కాల్చే క్లబ్బులో చేరానంది.

"తుపాకులా? నీకేమన్న పిచ్చి లేసిందా?" అన్నాను.

"నువ్వొచ్చి చూడక్కా. గప్పుడు తిట్టు."

నా భయానికి కారణముంది. మాది కరీంనగర్ జిల్లాలో అడవి అంచున ఉన్న ఊరు. నా చిన్నప్పుడు పోలీసులు కూంబింగ్‌కి వచ్చిన రోజుల్లో మా అమ్మ మమ్మల్ని బియ్యం బస్తాల వెనక కూర్చోబెట్టేది. దూరంగా పేలిన చప్పుడు వినిపిస్తే చెవులు మూసేది. తుపాకీ అనే మాట ఎక్కడ విన్నా ఇప్పటికీ నాకు ముందు గోనె సంచి వాసనే వస్తుంది. అందుకే నిజం చెప్పాలంటే నేను బయలుదేరింది కొండలు చూడడానికి కాదు, ఫర్హానాను చూడడానికి.

హానోవర్ నుంచి వెళ్లాలనుకునేవాళ్లకు దారి సులువే. ఇరవై నాలుగు యూరోలు పెట్టి రాష్ట్రమంతా రోజంతా తిరిగే టికెట్ తీసుకున్నాను. స్టేషన్ పక్క వీధిలో చెప్పులు బాగుచేసే ఆయన మూడు యూరోలకు గోధుమరంగు తోలు ముక్క కోసిచ్చాడు. ఉదయం రీజనల్ రైలెక్కితే గంటంబావులో గోస్లార్. మాస్కు వల్ల కళ్లద్దాలు మసకబారి, పొలాలూ గాలిమరలూ పాలలో కలిసినట్టు కనిపించాయి. గోస్లార్ స్టేషన్ ముందు నుంచి కొండమీదికి బస్సుంది, అదే టికెట్ చెల్లుతుంది. డ్రైవరు నా పల్చటి చొక్కా చూసి, "కింద ఇక్కడ వేసవి. పైన ఏ కాలమో నేను హామీ ఇవ్వలేను, జాకెట్ ఉందా?" అని అడిగాడు. లేదన్నాను. ఆయన తలాడించి గేరు మార్చాడు.

ఆయన మాటే నిజమైంది. ఐదారు మలుపులు తిరిగేసరికి పొగమంచు రోడ్డు మీదికి దిగింది. బెరడు పురుగు తొలిచిన దేవదారు చెట్లు ఆకులు రాలి బూడిదరంగులో కొండ పొడుగునా నిలబడి ఉన్నాయి. వాటి కాళ్ల దగ్గర మాత్రం ఎర్రటి అడవి పూలు గుబురుగా విరబూశాయి. బస్సులో నాతోపాటు ఇద్దరే ఉన్నారు. కిటికీకి తల ఆనించాను. మేలుకొని ఉన్నానో లేదో నాకే తెలియని అరగంట అది.

చెక్కతో కట్టిన పెద్ద చర్చి దగ్గర ఫర్హానా నిలబడి ఉంది. తలకు నల్ల స్కార్ఫు, చేతిలో నాకోసం తెచ్చిన స్వెట్టరు. దగ్గరికొచ్చాక ఇద్దరం ఆగిపోయాం. ఆ రోజుల్లో మనిషిని హత్తుకోవచ్చో కూడదో ఎవరికీ తెలిసేది కాదు కదా. "నావి రెండు డోసులు అయినయ్ అక్కా, రా" అని ఆమే చేతులు చాచింది.

క్లబ్బుకు నడిచే దారి ఒక చెరువు గట్టు మీదుగా పోతుంది. పాత గనుల కోసం తవ్విన చెరువులట, ఊరి చుట్టూ చాలా ఉన్నాయి. నీళ్లమీద మంచు ఒక చోట విడిపోయి, ఇంకో చోట కలుస్తోంది. నడుస్తూ ఫర్హానా తన సంగతి చెప్పింది. చలికాలంలో ల్యాబు మూతపడింది, ప్రయోగం సగంలో ఆగింది, హాస్టల్ అంతస్తులో మిగిలింది ఆమె ఒక్కతే. మార్చిలో అన్నీ వదిలేసి ఇంటికి పోదామని టికెట్లు చూస్తూ, దానికోసం కరోనా టెస్టుకు వెళ్లింది. ఊరి షూటింగ్ క్లబ్బు హాల్నే టెస్ట్ సెంటర్ చేశారు. ఫలితం కోసం కూర్చున్నప్పుడు పక్కగదిలో ఒక పెద్దాయన పనిబల్ల మీద ఎయిర్ రైఫిల్ విప్పి, చిన్న స్ప్రింగుతో తంటాలు పడుతున్నాడు.

"ఆ స్ప్రింగు అలసిపోయింది, ఎన్నిసార్లు సాగదీసినా లాభం లేదని చెప్పిన. నువ్వెవరని గూడ అడగలే అక్కా. పక్కన కుర్చీ జరిపిండు, అంతే. మళ్లా మంగళవారం పోయిన. మళ్లా శనివారం పోయిన. అక్కడెవ్వరూ నా పీహెచ్‌డీ ఎందాక వచ్చిందని అడగరు."

ఆ పెద్దాయనే డీటర్. చలికాలంలో ఆయనకు కోవిడ్ వచ్చి చాలాకాలం ఆస్పత్రిలో ఉండి వచ్చాడు. కరోనా వల్ల క్లబ్బులో కాల్చడం నిషేధం కాబట్టి ఆ వసంతమంతా అందరూ బల్ల చుట్టూ చేరి పాత తుపాకీలు విప్పడం, నూనె పెట్టడం, భుజానికి ఆనించే కర్రలు సానబట్టడమే. అందరితోపాటు ఆయనా. కాల్చడానికి మళ్లీ అనుమతి వచ్చిన రోజున ఆయన లేచి నిలబడి తన రైఫిల్ ఎత్తాడు. నాలుగైదు కిలోల బరువుంటుంది. గొట్టం గాలిలో ఊగింది. మళ్లీ ఎత్తాడు, మళ్లీ ఊగింది. కాల్చకుండానే దించి, పెట్టెలో పెట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత రాలేదు. ఈ శనివారం వచ్చి క్లబ్బులో తన అలమారా తాళంచెవి ఇచ్చేసి మానేస్తానని ఫోన్ చేశాడట.

"అందుకే ఊత చేసినం. తుపాకీ ముందు భాగం దానిమీద ఆనించి, కూర్చొని కాల్చొచ్చు. పెద్దోళ్లకు గట్ల పోటీలు గూడ ఉన్నయ్. నీ తోలు ముక్క దానికే." మెల్లగా అంది: "ఒప్పుకుంటడో లేదో తెల్వదక్కా. భయమైతుంది."

క్లబ్బు ఇల్లు చూస్తే మన ఊళ్లలో పాత రైస్ మిల్లు ఆఫీసులా ఉంది. తలుపు దగ్గర మోనికా టీకా కాగితాలు చూసి లోపలికి పంపింది. కట్టుడు పళ్లు తయారుచేసే పనిలో రిటైరైన ఆవిడ ఆమె, వేళ్లు ఎప్పుడూ ఏదో ఒకదాని అంచు తడుముతూనే ఉంటాయి. "గుట్ షుస్" అంది. గురి కుదరాలి అని అర్థం, అక్కడ నమస్కారం బదులు అదే. నేను బ్లాగు రాస్తానని చెప్పి అనుమతి అడిగితే, ఫొటోలు వద్దు, పేర్లు మార్చి రాసుకోండి అంది. ఫర్హానా కూడా చెవిలో, "ఇంట్ల చెప్పలే అక్కా. స్కార్ఫు కట్టుకున్న పోరి చేతిల తుపాకీ ఫొటో ఎవరన్న చూస్తే ఏమనుకుంటరో నీకు తెల్సు గద" అంది. తెలుసు. అందుకే ఇక్కడ ఫొటోలు లేవు, పేర్లూ అసలువి కావు.

పనిగదిలో గన్ ఆయిల్ వాసన, దానిమీద కాఫీ, వెన్న కేకు వాసన. విప్పి ఉన్న ప్రతి రైఫిల్ గొట్టంలోంచీ ఒక నారింజరంగు దారం వేలాడుతోంది, లోపల గుండు లేదని దూరం నుంచే తెలియడానికి. ఊత బల్ల మధ్యలో ఉంది. అడుగు పళ్లెం ఫర్హానా యూనివర్సిటీ వర్క్‌షాపులో అడిగి తెచ్చిన అల్యూమినియం తుక్కు ముక్క. నిలువు కర్ర మోనికా పాత మంచం తలకట్టులోంచి కోసిన అక్రోటు చెక్క. నేను తెచ్చిన తోలును మోనికా కొలిచి కోసి, పైన జిగురుతో అంటించి, ఆరేదాకా బొటనవేళ్లతో నొక్కి పట్టుకుంది. "మీరూ ఒకసారి కాల్చి చూస్తారా?" అని అడిగింది. పక్క హాల్లో ఎవరో కాలుస్తున్నారు. ఎయిర్ రైఫిల్ చప్పుడు సీసా మూత తీసినంత చిన్నది. అయినా నా భుజాలు బిగుసుకున్నాయి. వద్దన్నాను. ఆమె కేకు ముక్క ఇచ్చింది.

డీటర్ మధ్యాహ్నం వచ్చాడు. పొడవాటి మనిషి, కోటు వదులైపోయింది. ఒక చేతిలో తుపాకీ పెట్టె. గుమ్మం నుంచి బల్లదాకా రావడానికి మధ్యలో ఒకసారి ఆగాడు. తాళంచెవి మోనికా ముందు పెట్టి, "పెట్టె కూడా ఇక్కడే ఉంచుతాను. కొత్తగా చేరేవాళ్లకు పనికొస్తుంది" అన్నాడు. క్లబ్బులో అందరూ ఒకరినొకరు నువ్వనే పిలుచుకుంటారు. ఫర్హానా ఊతను రెండు చేతులతో ఎత్తి ఆయన ముందుంచి, "డీటర్, ఇది నీకోసం చేశాం" అంది.

ఆయన దానిని చాలాసేపు చూశాడు. "ఇది ముసలివాళ్లు వాడేది" అన్నాడు.

"నీకు డెబ్భై ఆరు, డీటర్" అంది మోనికా.

"నా వయసు నాకు తెలుసు. నేను జీవితమంతా నిలబడి కాల్చాను." మాట మధ్యలో ఊపిరి అందక ఆగి, పూర్తి చేశాడు. వెనుదిరిగి బయటికి వెళ్లిపోయాడు. ఫర్హానా కళ్లు నీళ్లతో నిండాయి. వెనకే పోబోతే మోనికా ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది. కిటికీలోంచి చూస్తే ఆయన చెరువు వైపు ముఖం పెట్టి నిలబడి ఉన్నాడు. మంచు వచ్చి ఆయనను కప్పేసింది, కాసేపటికి మళ్లీ తిరిగిచ్చింది.

ఎంతసేపైందో తెలియదు. తలుపు తెరుచుకుంది. డీటర్. టోపీ మర్చిపోయానన్నాడు. టోపీ బల్ల మీద ఊత పక్కనే ఉంది. దాన్ని తీసుకోబోయిన చెయ్యి ఊత అడుగున ఉన్న స్క్రూ మీద ఆగింది. వేలితో తడిమాడు.

"దీనికి రంధ్రం ఎవరు వేశారు?"

"నేనే" అంది ఫర్హానా.

"వంకరగా ఉంది."

"కొంచెమే."

"కొంచెం వంకర ఇక్కడ ఉంటే, పది మీటర్ల అవతల ఎంతవుతుంది? నీకు లెక్కలు చెప్పలేదా యూనివర్సిటీలో?" కోటు విప్పకుండానే కుర్చీ లాక్కున్నాడు. "రసమట్టం ఇవ్వు. ఆకురాయి కూడా. అది కాదు, సన్నది."

ఆ తర్వాత గంట నాకు కలలా గుర్తుంది. ఆయన ఆకురాయి రాస్తుంటే వెండిరంగు పొడి బల్ల మీద రాలుతోంది. కాసేపు రాసి ఊపిరికోసం ఆగితే, ఫర్హానా ఏమీ అనకుండా ఆకురాయి అందుకుని అక్కడి నుంచే రాసేది. మోనికా చెక్క అంచు గుండ్రం చేసింది. హాల్లో కాలుస్తున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, తలా ఒక సలహా ఇచ్చి, అన్నింటికీ ఆయన చేత తిట్లు తిని, అయినా అక్కడే నిలబడిపోయారు. బయట మంచు కిటికీని పూర్తిగా మూసేసింది. ప్రపంచంలో ఆ బల్ల ఒక్కటే మిగిలినట్టుంది.

ఊత సిద్ధమయ్యాక ఆయన తలెత్తి గదంతా చూశాడు. ఊత ఊగుతోందో లేదో తను పక్కనుంచి చూడాలట, కాల్చేది వేరేవాళ్లై ఉండాలట, అలవాటున్నవాళ్లైతే తమకు తెలియకుండానే సరిచేసుకుంటారట. ఆయన చూపు నా దగ్గర ఆగింది. "మీకు ఏమీ తెలియదు కదా?"

"ఏమీ తెలియదు" అన్నాను.

"బాగుంది, రండి."

"అక్కా, ఇష్టం లేకుంటే వద్దను" అంది ఫర్హానా తెలుగులో. ఆమె ముఖం చూశాను. లేచాను.

హాల్లో కూర్చోబెట్టి, తన రైఫిల్‌ను ఊతమీద పెట్టి, దాని కర్రను నా భుజానికి ఆనించాడు. ఆయన చెంప ఆని ఆని నున్నబడిన చోట నా చెంప ఆనింది. చల్లగా ఉంది. నా గుండె కొట్టుకోవడం గురి చూసే వలయంలో కనిపిస్తోంది. "ఊపిరి తీసుకోండి. సగం వదలండి. మిగతాది అలా ఉండనివ్వండి" అన్నాడు నా వెనకనుంచి. ఆయన ఛాతీలో గాలి సన్నగా ఈల వేస్తోంది. ఆ ఈల వింటూ సగం వదిలాను. బస్తాల చీకటి ఒక్కసారి కళ్లముందుకొచ్చింది. దాన్ని కూడా అలా ఉండనిచ్చాను. వేలు కదిలింది. సీసా మూత తీసినంత చప్పుడు.

"ఊత కదల్లేదు" అన్నాడు ఆయన. నేను ఎక్కడ కొట్టానో ఎవరూ చూడలేదు. తర్వాత చూస్తే గుండు గురి కాగితం మూలకు తగిలింది.

అప్పుడు ఆయన నా చోట కూర్చున్నాడు. ఐదు గుండ్లు కాల్చాడు. మధ్యలో ఒకసారి దగ్గు వచ్చి చాలాసేపు ఆగాల్సొచ్చింది. ఎవరూ తొందరపెట్టలేదు. కాగితం మీద నాలుగు అటూ ఇటూ చెదిరాయి, ఒకటి నడిమధ్యన పడింది. అందరూ పిడికిళ్లతో బల్లలు, గోడలు తట్టారు. జర్మనీలో అలా తట్టడమంటే చప్పట్లే. డీటర్ కాగితం కళ్లకు దగ్గరగా పట్టుకుని, "తోలు జారుతోంది. మంగళవారం మా ఇంట్లోంచి రబ్బరు తెస్తాను" అన్నాడు. మోనికా తాళంచెవిని కేకు పళ్లెంలో పెట్టి ఆయన వైపు జరిపింది. ఆయన కేకు తిన్నాడు. వెళ్లేటప్పుడు పళ్లెంలో తాళంచెవి లేదు.

తిరుగు బస్సులో కిందికి దిగుతుంటే మంచు పైనే ఉండిపోయింది, గోస్లార్‌లో నిజంగానే వేసవి. తుపాకీ అంటే నాకున్న భయం ఆ ఒక్క రోజుతో పోలేదు, పోవాలని కూడా నాకు లేదు. మా ఊళ్లో విన్న చప్పుడు వేరు, దాన్ని ఈ చప్పుడు చెరిపేయలేదు. కానీ ఆ కొండమీద మనుషులు ఒకరికొకరు "ఎలా ఉన్నావు" అని అడగకుండా "ఆకురాయి ఇవ్వు" అని అడుగుతారు. రెండూ ఒకటేనని నాకు అక్కడ తెలిసింది. ఏడాదిన్నరగా నేను తెరమీద ఎంతమందిని ఎలా ఉన్నారని అడిగానో! ఎవరిచేతిలోంచీ ఏదీ అందుకోలేదు. రాత్రి ఇంటికి చేరాక ఫర్హానా నుంచి మెసేజి: "అక్కా, టికెట్ల వెబ్‌సైట్ బుక్‌మార్క్ తీసేసిన."

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క సూచన. ఇలాంటి క్లబ్బులు చాలా ఊళ్లలో అతిథులను రానిస్తాయి. పాస్‌పోర్టు, మాస్కు, టీకా కాగితం దగ్గరుంచుకుని ముందే ఫోన్ చేయండి. పోటీ ఉన్న రోజు కాకుండా, మరమ్మతులు చేసుకునే రోజు ఏదో అడిగి ఆ రోజే వెళ్లండి. కాల్చడం ఇష్టం లేకపోతే ఎవరూ బలవంతపెట్టరు. పనిబల్ల దగ్గర కూర్చోవచ్చా అని అడగండి, కుర్చీ జరుపుతారు.