మా ఊరి పేరులో గాడిద ఉంది... ఉంటుంది

సాయంత్రం మా మండల కేంద్రం గట్టులో బడి విడిచాక గద్వాల పోయే బస్సెక్కేవాళ్ళం మా చిన్నప్పుడు... మా ఊరు దగ్గర పడగానే కండక్టర్ సీటీ కొట్టి అరిచేవాడు.

"గాడిదలు దిగుండ్రి... జల్ది!"

బస్సంతా నవ్వు. మేం నలుగురం పిల్లలం తలలు దించుకుని, సంచులు గుంజుకుంటూ దిగేవాళ్ళం.

మా ఊరి పేరు గాడిదగుండు. గుండు అంటే మా వైపు పెద్ద బండరాయి. రోడ్డు పక్కనే ఉంటుంది... బరువు మోసి మోసి అలసి నిలబడిపోయిన గాడిదలా. వీపు మీద మూటలాగా ఒక రాయి, తల మీద చెవుల్లాగా రెండు రాళ్ళు. ఎవరూ చెక్కింది కాదు. లారీ డ్రైవర్లు బండి ఆపి, దాని మూతి ముందు పిడికెడు పచ్చగడ్డి పెట్టి పోతారు. గడ్డి పెడితే బండి దారిలో మొరాయించదట! రాయచూరు పోయే కార్లవాళ్ళు మాత్రం ఫోటో దిగి, ఊరి బోర్డు చదివి, నవ్వుకుంటూ పోతారు.

ఆ నవ్వు వింటే నాకు ఒళ్ళు మండేది. కానీ అప్పట్లో ఆ మంట నవ్వేవాళ్ళ మీద కాదు... మా ఊరి మీద.

ఆరో తరగతిలో చేరిన రోజు, గట్టు బడిలో కాగితాలు పంచి పేరు, ఊరు మమ్మల్నే రాయమన్నారు. నేను చాలా తెలివిగా ఆలోచించాననుకున్నాను. గాడిదను తీసేశాను. "గుండు" అని మాత్రం రాశాను.

మర్నాడు సారు గట్టిగా చదివాడు. "సుజాత... ఊరు, గుండు."

క్లాసంతా నా తల వైపు తిరిగింది. నాకేమో నడుము దాకా రెండు జడలు! అయినా ఆ రోజు నుంచి నేను గుండు సుజాతనే. "ఏయ్ గుండూ, దువ్వెన కావాల్నా?" అని ఒకడు, "నూనె ఖర్చు మిగిలిందిపో మీ ఇంట్ల" అని ఇంకొకడు...

వారం భరించాను. తర్వాత బడి మానేసి పత్తి చేన్లకు కూలికి పోతానని మొండికేశాను. అమ్మానాన్నలు వలస పనికి పోయి ఉన్నారు. ఇంట్లో మా నాయనమ్మ ఒక్కతే. అవ్వ అనేవాళ్ళం.

"గాడిదను ఎందుకు తీసేసినవే?" అంది అవ్వ, అంతా విని.

"అందరూ నవ్వుతుండ్రవ్వా."

"నవ్వనీ. గీ చుట్టుపక్కల చెరువు కట్టలు ఉత్తగనే లేసినయా? మట్టి మోసింది మీ తాతలు, ఆళ్ల గాడిదలు. పొద్దంత మోసి మోసి గా గుండు నీడకు ఒరుగుతుండె. గట్ల పడ్డది పేరు. నీకు పలకనీకి నోరు రాకపాయెనా?"

మర్నాడు పొద్దున నాతోపాటు తనూ బస్సెక్కింది.

"ఏందవ్వా, గాడిదలతోని నువ్వు గూడ బయలెల్లినవ్?" అన్నాడు కండక్టర్.

"ఔ బిడ్డా. రోజూ గాడిదలను తోలుకపోయేటోడు ఎట్లుంటడో ఒకపాలి చూద్దామని వచ్చిన."

ఆ రోజు బస్సంతా నవ్వింది... కండక్టర్‌ని చూసి!

బడిలో నేరుగా మా క్లాసులోకే వచ్చేసింది అవ్వ. "సారూ, మా పిల్ల ఊరి పేరు తప్పు రాసింది. దిద్దుండ్రి" అంది.

సారు మంచివాడే. "పోనీలే అవ్వా, గట్టు అని రాస్తా. పిల్లకు పరేషాన్ ఉండదు" అన్నాడు.

"మీదేవూరు సారూ?"

"పెద్దకొత్తపల్లి."

"ఇంక కొత్తగనే ఉన్నదా సారూ?"

పిల్లలంతా పక్కున నవ్వారు. సారూ నవ్వాడు. "మా ముత్తాత పుట్టకముందు నుంచి గదే పేరవ్వా!"

"మరి మీరు మార్చుకున్నరా? మేమెందుకు మార్చుకోవాలె?"

సారు రిజిస్టర్ తెరిచి, కొట్టేసి, ఎర్ర సిరాతో మళ్ళీ రాశాడు. అవ్వకు చదువు రాదు. "ఏం రాసిండో సదువు" అంది నాతో. నేను చదివాను... గాడిదతో సహా మొత్తం చదివాను. వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. తిరిగి వాడి కళ్ళలోకి చూశాను. ఆపేశాడు.

ఆ తర్వాత బడి మానేస్తానని నేను మళ్ళీ అనలేదు.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. మొన్న ఊరి మైకులో చెప్పారు... మా ఊరిని "శ్రీగిరి నగర్" చేస్తారట! ప్లాట్లు అమ్మేవాళ్ళకు గాడిద అడ్డం వచ్చిందట. సంతకాల కాగితం ఇల్లిల్లూ తిరుగుతోంది. మా ఇంటికి తెచ్చిన పెద్దాయన అన్నాడు, "సదువుకున్న పిల్లవు, గా పేరు చెప్పనీకి నీకన్న సిగ్గనిపిస్తలేదా బిడ్డా?"

"మట్టి మోసినోళ్ల పేరుకు సిగ్గెందుకు పెద్దనాయనా? మోయించుకున్నోళ్లు పడాలె సిగ్గు" అన్నాను.

సంతకం పెట్టలేదు. పెట్టను. గ్రామసభలో లేచి ఇదే మాట చెప్తాను. గద్వాలలో కోట చూపిస్తారు, వనపర్తిలో రాజమహల్ చూపిస్తారు... ఫలానా రాజు కట్టించాడంటారు. రాళ్ళెత్తినవాళ్ళ పేరు ఎక్కడైనా ఉందా? శ్రమ చేసినవాళ్ళ జాడ మిగిలిన ఒక్క బోర్డునూ పీకేసి, దాన్ని అభివృద్ధి అంటారా? మా సారు వాళ్ళ నాగర్‌కర్నూల్ వైపు దోస్తులారా, మీరైనా వచ్చి మా ఊరు చూడండి. ఇంకా ఆ పేరుతో ఉండగానే రండి.

ఒకప్పుడు బస్సు ఆగాలంటే ఊరి పేరు గట్టిగా అరవాల్సి వచ్చేది... ఇప్పుడు లొకేషన్ పంపితే చాలు. మా వీధి పిల్లలు ఆ పేరు నోటితో పలికి ఎన్నాళ్ళయిందో! బోర్డు మీది పేరు మార్చడానికి ఇన్ని సంతకాలు కావాలి... నోట్లోంచి జారిపోవడానికి ఒక్కటీ అక్కర్లేదు.

మీ ఊరి పేరు విని కూడా ఎవరైనా నవ్వారా? కింద రాయండి... ఎవరు నవ్వినా సరే, పూర్తి పేరు రాయండి.