ఉపవాస ప్రార్థనలో షుగర్ పరీక్ష

నిరుడు కుందలహళ్ళిలోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో, శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చిన స్త్రీలకు షుగర్ పరీక్ష చేయడానికి ఒక నర్సు వచ్చింది. ఒక్కరూ లేవలేదు. "పరీక్ష చేయించుకుంటే విశ్వాసం లేనట్టే కదా," అని వెనక ఎవరో గొణిగారు.

స్త్రీల సమాజానికి పెద్దను నేనే. వాళ్ళకు ధైర్యం చెప్పాలని, "వారానికి మూడు రోజులు ఉపవాసముండే నాకు షుగర్ ఎక్కడిది? చూడండి," అంటూ ముందుగా వేలు చాచాను.

మీటరు చూసి నర్సు గొంతు తగ్గించింది. "ఆంటీ, పొద్దున ఏమన్నా తిన్నారా?"

"రాత్రి నుంచి మంచినీళ్ళే."

"అయితే రెండొందల పది చాలా ఎక్కువ ఆంటీ. డాక్టర్‌కు చూపించండి. చీటీలో రాసిస్తా, ఎవరికీ చెప్పను."

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. కానీ నేను దాచుకుంటే, ఉపవాసముంటే షుగర్ రాదన్న నా మాటే నమ్మి అందరూ ఇళ్ళకు వెళ్ళిపోతారు. లేచి నిలబడి, "నాకు షుగర్ ఉంది. రెండొందల పది," అన్నాను.

"నీకే ఉండాదంటే మేమెంతప్పా, జరుగు," అంటూ మేరక్క వచ్చి నా కుర్చీలో కూర్చుంది. ఆమె వెనక అందరూ వరుస కట్టారు. ఇంకో ముగ్గురికి షుగర్ బయటపడింది, ఇద్దరు దాని అంచున ఉన్నారు.

ఇన్నేళ్ళూ స్వస్థత దొరికాకే, దేవుడు చేసిన మేలని సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పేదాన్ని. ఆ రోజు జబ్బు తెలిసిన నిమిషంలోనే చెప్పాను. నా సాక్ష్యాలన్నిటిలో దేవుడు ఎక్కువగా వాడుకున్నది దాన్నే.