జాగ్రత్తగా ఓడిన సారు

మా కాలేజీ అమ్మాయిల కబడ్డీ జట్టుకు కోచ్‌గా ఉన్న పి.డి. సారుకు మూడు భాషలు వచ్చు. ప్రిన్సిపాల్ ముందు తమిళం, బాగలూరు వైపు పిల్లలతో కన్నడం, మాతో తెలుగు. మూడింటిలోనూ ఆయన చెప్పే మాట ఒకటే: జాగ్రత్త. మేం వెనకబడి ఉంటే జాగ్రత్తగా ఆడమనేవాడు. ముందుంటే ఇంకా జాగ్రత్తగా ఆడమనేవాడు. ఎదుటి జట్టు కోచ్‌తో చేయి కలిపేటప్పుడు కూడా వేళ్ళ చివర్లు మాత్రమే ఇచ్చేవాడు.

కృష్ణగిరిలో డిగ్రీ చదివినంత కాలం నేను ఆ జట్టులో కుడి మూల ఆడాను. కూతకు వచ్చినవాళ్ళ కాళ్ళు పట్టడం నా పని. మా తరఫున కూతకు వెళ్ళేది జవళగిరి నుంచి వచ్చిన అమ్మాయి. అడవి అంచు ఊరు, ఇంట్లో మేకలు. ఏ మేక ఎటు దూకుతుందో దాని భుజం చూస్తే తెలుస్తుందనీ, మనుషులు అంతకంటే సులువనీ అనేది. నమ్మక తప్పేది కాదు. ఎదుటివాళ్ళ కోర్టులోకి నింపాదిగా నడిచి వెళ్ళి, ఎవరో ఒకరు మోకాలు కదిపేలోపు తాకి వచ్చేసేది.

రెండో ఏడు ఫైనల్‌కి వెళ్ళాం. చివరి నిమిషాల్లో అయిదు పాయింట్లు ముందున్నాం. అప్పుడు సారు టైమ్ అవుట్ అడిగాడు. ఎదుటివాళ్ళు అలసిపోయి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళకు కావలసిన విశ్రాంతిని మా సారే ఇచ్చాడు.

"ఇంక లోపలికి పోవద్దండమ్మా. గీత తాకి వచ్చేయండి. టైము దానంతట అదే పోతుంది," అన్నాడు.

జవళగిరి అమ్మాయి నీళ్ళ సీసా కింద పెట్టింది. "సార్, వాళ్ళ ఎడమ మూల ఆమె కాలు ముందరికే పెడతా ఉంది. ఒక్క కూత పోనీండి. తాకి వస్తా."

"గమ్మున ఉండు. గెలస్తా ఉండేటప్పుడు ఎగిరేది యామిటికి?"

ఆయన చెప్పినట్టే చేశాం. అక్షరాలా చేశాం. రెండు కూతలు వాళ్ళ కోర్టు లోపలి గీత మాత్రం తాకి, ఎవరినీ తాకకుండా వట్టి చేతులతో తిరిగొచ్చాయి. కబడ్డీ తెలిసిన వాళ్ళకు మిగతాది చెప్పక్కర్లేదు. రెండు కూతలు వట్టివైతే మూడో కూతలో పాయింటు తెచ్చి తీరాలి, తేకపోతే వెళ్ళినవాళ్ళు అవుట్. అంటే మా అమ్మాయి ఎప్పుడు లోపలికి వస్తుందో ఎదుటివాళ్ళకు మేమే ముందుగా చెప్పినట్టు. వాళ్ళు కాచుకుని కూర్చున్నారు. ఏడుగురూ ఒకేసారి మీద పడ్డారు. ఆమె బయట కూర్చుంది. ఆ తర్వాత వాళ్ళ రైడర్ వచ్చి, కోర్టులో మిగిలిన మా ముగ్గురినీ ఒక్కొక్కరినే తాకి పోతుంటే మా కోర్టు ఖాళీ అయింది. ఆలౌట్ అయ్యాం. ఒక్క పాయింటుతో ఓడాం.

తిరుగు ప్రయాణంలో వ్యాను బైపాస్ పక్కన టీ కోసం ఆగింది. సారు, మాతో వచ్చిన ఎకనామిక్స్ లెక్చరర్, డ్రైవర్ ఒక బెంచీ మీద కూర్చుని చర్చ పెట్టారు. మేం వ్యానులోనే ఉన్నాం, కిటికీలోంచి అంతా వినిపిస్తూనే ఉంది.

"ముందుండేటప్పుడు కాపాడుకోవాల. అదే తెలివి. మా పిల్లోళ్ళకు దమ్ము చాల్లేదు. నేను చెప్పినట్ల ఆడింటే గెలిచింటారు," అన్నాడు సారు.

"కరెక్టు సార్. ఉండేదాన్ని పోగొట్టుకోకుండా ఉండేదే లాభం," అన్నాడు లెక్చరర్. డ్రైవర్ తల ఊపాడు. ఆ ముగ్గురూ జీవితంలో ఎవరి కాలూ పట్టుకున్న మనుషులు కారు, ప్రిన్సిపాల్‌ది తప్ప.

జవళగిరి అమ్మాయి నా భుజం మీద తల పెట్టి, "ఆయన చెప్పినట్లే కదా ఆడినాము?" అంది. ఆడలేదని ఎవరైనా అంటే నమ్మేలా ఉంది పాపం. అంత ధీమాగా అబద్ధం చెబితే విన్నవాళ్ళకు తమ కళ్ళ మీదే అనుమానం వస్తుంది.

మరుసటి ఏడు సారుకు మోకాలి ఆపరేషన్ జరిగింది. ఎప్పుడూ కదలని మోకాలు ఎలా అరిగిందో మాకు అర్థం కాలేదు. ఆయన స్థానంలో కాంట్రాక్టు మీద ఒక అక్క వచ్చింది. గురుబరపల్లి వైపు రైతుల ఇంటి మనిషి. పెళ్ళికి ముందు జిల్లా జట్టుకు ఆడిందట. మేడమ్ అంటే పలికేది కాదు, అక్కా అంటేనే పలికేది. వచ్చిన మొదటి రోజే మమ్మల్ని మట్టిలో కూర్చోబెట్టి, కిందటి ఫైనల్‌లో ఏం జరిగిందో ఒక్కొక్కరినీ అడిగింది. అంతా విని, "అయిదు ముందుండి గీత తాకి వచ్చేస్తిరా?" అని ఒక్కమాట అడిగింది. మేం తలలు దించుకున్నాం. ఆమె నవ్వింది, అది మమ్మల్ని చూసి నవ్విన నవ్వు కాదు.

ఆ ఏడు ఫైనల్ హోసూరులో. ఆట చివరికి వచ్చేసరికి రెండు పాయింట్లు ముందున్నాం. మాకొక కూత, వాళ్ళకొక కూత మిగిలి ఉన్నాయి, అంతే. ఈసారి మూడో కూత అన్న బలవంతం కూడా లేదు. గీత తాకి వచ్చినా ఎవరూ తప్పుపట్టరు. అక్క మమ్మల్ని దగ్గరకు పిలిచింది.

"వాళ్ళ రైడర్ని ఈ పొద్దు మనము ఒక్కసారీ పట్టలేదు. రెండు పాయింట్లు చాలవు. నువ్వేమంటావు?" అని జవళగిరి అమ్మాయిని అడిగింది.

"పోతా అక్కా."

"పో."

ఆమె వెళ్ళింది. మధ్యలో ఉన్నామెను తాకబోయింది. ఆమె వెనక్కి జారింది, పక్కనున్నామె వంగి మా అమ్మాయి మడమ పట్టేసింది. నేల మీద పాకుతూ చేయి చాచింది మా అమ్మాయి. వేళ్ళకూ మధ్య గీతకూ జానెడు దూరం మిగిలింది. వాళ్ళ చివరి కూతలో ఆ రైడర్ నన్నూ, నా పక్కన ఆడే పొట్టి పిల్లనూ ఒకే ఊపులో తాకి పరిగెత్తింది. నా చేతికి ఆమె లాగు అంచు తగిలింది, చిక్కలేదు. మళ్ళీ ఒక్క పాయింటుతోనే ఓడాం.

ఏడ్చాం. అయితే అది వ్యానులో ముఖాలు దాచుకుని ఏడ్చిన ఏడుపు కాదు. అక్క మా మధ్యలోనే నేల మీద కూర్చుని మోకాళ్ళకు అంటిన మట్టి దులుపుతూ, "పంపింది నేను. ఎవురన్నా అడిగితే నా పేరు చెప్పండి," అంది.

అడిగారు. సోమవారానికల్లా సారు కర్ర ఊతంతో ప్రిన్సిపాల్ గదికి వచ్చేశాడు. అంతవరకు ఇంట్లో లేవలేకుండా ఉన్న మనిషికి మేం ఓడిన కబురు మందులా పనిచేసింది. గుమ్మం దగ్గరే మొదలుపెట్టాడు. "వట్టిగా తిరిగి వచ్చింటే కడాకి సమానమన్నా అయ్యేది కదా సార్? దుడుకు! దుడుకు దప్ప ఇంకేమీ లేదు." అదే వారంలో అక్కకు ఇక రావద్దన్నారు. కాంట్రాక్టు మనిషి కాబట్టి కారణం చెప్పాల్సిన పని కూడా లేదు.

జవళగిరి అమ్మాయీ నేనూ ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళాం. సారు పక్క కుర్చీలో కాలు చాపుకుని కూర్చునే ఉన్నాడు.

"పోయినేడు అయిదు ముందుండి ఓడినాము సార్," అంది ఆమె. "అప్పుడు ఈ సారును ఎవురూ ఏమీ అన్లేదు. అక్కను మాత్రం ఎందుకు పంపించేసినారు?"

ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీశాడు. చెడ్డ మనిషి కాదు, ఆలోచించే అలవాటు లేని మనిషి. "రెండుసార్లూ ఓడినారు, ఒప్పుకుంటా. అయితే సారు జాగ్రత్తగా ఓడినాడమ్మా. ఆయమ్మ అట్ల కాదు, చేజేతులా ఓడగొట్టేసింది."

సారు ఆ మాటకు సిగ్గుపడతాడేమోనని చూశాను. మెడలో దండ పడ్డట్టు తల వంచి ఒప్పుకున్నాడు.

అప్పుడు నాకు ఆయన సంగతి మొత్తం తెలిసింది. ఆయన ఏనాడూ మా పాయింట్లను కాపాడలేదు. కాపాడుకున్నది తన కుర్చీని. గీత తాకి వచ్చి ఓడితే తప్పు పిల్లలది. లోపలికి వెళ్ళి ఓడితే తప్పు పంపినవాళ్ళది. ఈ రెండో తప్పు తన మీదికి రాకుండా చూసుకోవడమే ఆయన కోచింగ్ అంతా. మేం గెలిచామా ఓడామా అన్నది ఆయనకు వానో ఎండో లాంటిది, గొడుగు ఉంటే చాలు.

"ఆయనకు నేను ఆడను సార్," అంది జవళగిరి అమ్మాయి. నేనూ ఆడనన్నాను. మర్నాటికి మరో నలుగురు అదే మాట అన్నారు. సారు ఏ మాత్రం కంగారు పడలేదు. మొదటి ఏడు పిల్లల్ని పోగుచేసి కొత్త జట్టు కట్టాడు. వాళ్ళు గీతలు తాకి తాకి, మొదటి రౌండ్‌లోనే మర్యాదగా ఓడి వచ్చారు. రిటైరయ్యేదాకా ఆయనే కోచ్. వీడ్కోలు సభకు పాత విద్యార్థులను పిలిస్తే నేనూ వెళ్ళాను, చూడాలనిపించి. శాలువా కప్పించుకుని మైకు దగ్గరకు వచ్చి, తన పిల్లలెవరూ ఎన్నడూ దుడుకుగా ఆడలేదని గర్వంగా చెప్పుకున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. అక్కడ పెట్టిన మైసూరుపాకు మాత్రం తిన్నాను, అది బాగుంది.

జవళగిరి అమ్మాయి ఇప్పుడు హోసూరు దగ్గర ఒక కంపెనీలో పనిచేస్తుంది, నేనూ ఆ పక్కనే వేరే కంపెనీలో. సెలవు దొరికితే ఇద్దరం గురుబరపల్లి వెళతాం. అక్క అక్కడ ఒక మామిడి తోట పక్క బీడును చదును చేసి, చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలకు ఆట నేర్పుతోంది. మొన్న ఆమె ఇంటి వసారాలో రాగి ముద్ద తింటుంటే హోసూరు ఫైనల్ మాట వచ్చింది. ఆ రోజు పంపడమే సరైన పని అని నేను వాదిస్తున్నాను. సారును నాలుగు మాటలు అనే అవకాశం నేనెప్పుడూ వదులుకోను.

అక్క మధ్యలో ఆపింది. "లోపలికి పంపింది సరే. ఈమెను పంపింది తప్పు."

జవళగిరి అమ్మాయి చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. "నన్నా? ఇంకెవురు పోతారు?"

"అప్పటికే నీ మడమ బెణికింది."

"నేను చెప్పలేదే!"

"నువ్వు చెప్పలేదు. నడస్తా ఉంటే కనపడింది. కనపడినా నిన్నే పంపినాను. నిన్ను పంపితే గెలిచినా ఓడినా ఎవురూ ఏమీ అనరని ఒక మూల అనుకొనుంటాను. ఆ పొట్టి పిల్లని పంపాల్సింది."

ఆమె అలా అంటుందని మేం అనుకోలేదు. జవళగిరి అమ్మాయికి కోపం వచ్చింది. మడమ బాగానే ఉండిందనీ, ఆ పొట్టి పిల్లైతే గీత కూడా దాటేది కాదనీ గొడవకు దిగింది. అక్క వెనక్కి తగ్గలేదు. చీకటి పడేవరకు వాదించుకున్నారు. చివరికి వసారాలో పప్పు గిన్నెలూ చెంబులూ పెట్టి, ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూపించుకున్నారు.

తర్వాతి ఆదివారం బాగలూరులో అక్క పిల్లలకు మ్యాచ్ ఉంటే వెళ్ళాం. చివర్లో ఒక్క పాయింటు ముందున్నారు. వాళ్ళలో పేరున్న రైడర్ లేచి నిలబడింది. అక్క ఆమె కాళ్ళ వైపు ఒకసారి చూసి కూర్చోమంది. అంతవరకు ఎక్కువగా కూతకు వెళ్ళని ఒక సన్నపాటి పిల్లను పిలిచి లోపలికి పంపింది. ఆ పిల్ల మూలనున్నామెను మునివేళ్ళతో తాకి, వెనక్కి తిరిగి చూడకుండా పరిగెత్తుకొచ్చింది. గెలిచారు.

నా పక్కన తెల్ల చొక్కా పెద్దమనిషి ఒకాయన మొదటి నుంచీ గీత తాకి రమ్మని అరుస్తూనే ఉన్నాడు. పంచె దులుపుకుని లేస్తూ, "ఏదో అదృష్టము, తప్పించుకొన్నారు," అని అందరికీ వినపడేలా అన్నాడు.